జిండబైన్‌లో బూట్ల కొలత

ఒట్టావియో నా పాదాన్ని ఒళ్ళో పెట్టుకుని
గుర్రానికి లాడం కొట్టేవాడిలా అటూ ఇటూ తిప్పి చూశాడు.
"ఇరవై నాలుగున్నర" అన్నాడు, టేపు తీయకుండానే.
ఎనభై ఆరేళ్ళ వేళ్ళు. మైనం వాసన.
మెట్టెలు తొడిగినాయన తర్వాత
నా కాలు ఒళ్ళోకి తీసుకున్న మగవాడు ఈయనే.

కాన్‌బెర్రా నుంచి రెండున్నర గంటలు.
కూమా దాటాక గడ్డి నెరిసింది.
"అమ్మా, నువ్వు పడతావు" అని
లాస్య దారిలోనే తీర్పు చెప్పేసింది.
తొమ్మిదేళ్ళ జడ్జి, వెనక సీట్లో చిప్స్ తింటూ.

గోడ మీద ఒక ఫోటో. బోర్మియో.
రాతి ఇళ్ళు, గంట గోపురం, వెనక నిట్టనిలువు కొండ.
మంచు కురుస్తుంటే మెడదాకా వేన్నీళ్ళలో కూర్చునే గుంటలున్నాయట,
ఎప్పటివో తాతలకూ తెలీదట.
"మాకు స్కీ ఆట కాదమ్మా, బడికి పోయే దారి.
ఇప్పుడు ఆ దారికి టిక్కెట్టు."
పంతొమ్మిదేళ్ళప్పుడు ఓడెక్కి వచ్చాడు,
ఇక్కడి కొండకు సొరంగం తవ్వడానికి.
పోలండువాళ్ళూ నార్వేవాళ్ళూ ఒకే గుడిసెలో,
ఒకరి బూతులు ఒకరు నేర్చుకున్నాకే స్నేహం కుదిరింది.

"అదిగో, ఆ సరస్సు కింద ఊరుంది."
రెండో బూటు కొక్కెం బిగిస్తూ అన్నాడు,
రేపు గాలి వీస్తుందన్నంత మామూలుగా.
అసలు జిండబైన్ అది. ఇళ్ళు, వంతెన, దుకాణాలు.
మనం కూర్చున్నది దాని పేరు పెట్టుకున్న ఇంకో ఊరు.
"నీళ్ళు తగ్గిన ఏడు రాళ్ళు బయటపడతాయి. వెళ్ళి చూసొస్తాను.
ముంచినవాళ్ళలో నేనూ ఉన్నాను కదా."

శ్రీశైలం నీళ్ళు పైకెక్కిన ఏడు
మా సుంకమ్మత్త తలుపులూ దూలాలూ బండికెత్తుకుని
గడప మాత్రం వదిలేసింది.
ఎండాకాలం కృష్ణ వెనక్కిపోతే
బురదలోంచి తేలేది ఆ గడప.
అత్త నడిచిపోయి దాని మీద కూర్చుని
ఒక దోసకాయ తిని వచ్చేది.
ఏడ్చినావా అత్తా అంటే
"ఏడ్చేకేముందిరా, సల్లగుంటాది" అనేది.

ఇదంతా ఆయనకు ఇంగ్లీషులో చెప్పబోయి
గడప దగ్గర తట్టుకున్నాను.
ఆ భాషలో దానికి మాటుంది. పసుపు లేదు.
"మీ ఊరికి మళ్ళీ వెళ్ళారా?" అన్నాను బదులుగా.
"రెండుసార్లు. టూరిస్టుననుకుని
కాఫీకి ఎక్కువ తీసుకున్నారు."

పైన, పిల్లల వాలు మీద,
నేల విడిచి సాము వద్దన్న భాష నాది.
కాలు జారితే తీసుకోవచ్చన్న మనిషి
ఒక్కసారైనా మంచు మీద నిలబడి ఉండడు.
పదకొండుసార్లు పడ్డాను.
వీపు మీద, మోకాళ్ళ మీద, ఒకసారి ఎవరో జపాను అబ్బాయి మీద.
పన్నెండోసారి పడేముందు
ఓ పది గజాలు
ఎవరూ తోయలేదు, ఎవరూ పట్టుకోలేదు,
కొండే నన్ను మెల్లగా కిందికి దించుతోంది.
లాస్య అటు తిరిగి ఉంది. చూడలేదు.

సాయంత్రం బూట్లలోంచి మంచు దులిపి
పాత పేపరు కుక్కుతూ అడిగాడు, ఎన్నిసార్లని.
"పన్నెండు."
"లెక్కపెట్టావంటే బాగానే పడ్డావు."
వాళ్ళ ఊరి మందు ఒక ఉగ్గుగిన్నెడు పోశాడు,
శొంఠి కషాయానికి దూరపు చుట్టం.
గొంతు దిగుతూ దారంతా దీపాలు పెట్టుకుంటూ పోయింది.

చీకటి పడ్డాక నీటి ఒడ్డున కారాపాను.
"కింద ఊళ్ళో ఇప్పుడెవరుంటారు?" అంది పిల్ల.
ట్రౌట్ చేపలు, అన్నాను.
"తలుపులు తీసుకునా, వేసుకునా?"

నాకు తెలీదు. దిగి నాలుగడుగులు వేశాను.
బూట్లు ఇచ్చేసినా
మడమే ముందు మోపుతున్నాను ఇంకా.